పోలీసు వారి కళ్ళూ చెవులూ పెట్టుకున్న అర్జీ

గంజాం తీరాన్ని కాచే పోలీసు పెద్దల దివ్యసముఖానికి, గోపాల్‌పూర్ వాడబలిజ మత్స్యకారుల పేటల తరఫున దండాలు పెట్టి రాసుకొన్నది.

విషయం: మాకు దయచేసిన కళ్ళు, చెవుల ఉద్యోగానికి నోరు కూడా కలపవలసిందని.

అయ్యా,

2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్ళు చేపల పడవలో వచ్చారు. ఆ పాపానికి చేపలు పట్టేవాళ్ళకి ఫోటో కార్డులూ, పడవలకి రంగులూ నంబర్లూ వచ్చాయి. తీరం పొడవునా మెరైన్ పోలీస్ స్టేషన్లు లేచాయి, గోపాల్‌పూర్‌కీ ఒకటి దక్కింది. మాకు బిరుదూ దక్కింది. ఏ సభలో చూసినా ఒకటే మాట, మత్స్యకారులు తీర రక్షణకి కళ్ళూ చెవులూ అని. తాతల నాడు ఇక్కడ ఓడల సరుకు ఒడ్డుకు చేరవేసినప్పుడు కూలి ఇచ్చారు గాని బిరుదివ్వలేదు. ఇప్పుడు బిరుదిచ్చి కూలి మాట ఎత్తలేదు. సంతోషమే.

చిక్కల్లా, ఈ కళ్ళకి కనబడేది ఒకటి, మీరు చూడమనేది ఇంకొకటి. సాగర్ కవచ్ విన్యాసమని మీవాళ్ళే తీవ్రవాదుల వేషం కట్టి పడవల్లో వస్తారు, పట్టించమంటారు. పట్టిస్తాం. పడవలో కూర్చున్న తీరు చూస్తే చాలు, వేటకెళ్ళినవాడు కాడని తెలిసిపోతుంది. మరి ఒడ్డుకి 5 కిలోమీటర్ల లోపు మాలాంటి చిన్న పడవలకే అని ఒడిశాలో 1982 చట్టం కింద నియమం ఉంది కదా, ఆ గీత దాటి రాత్రిపూట ట్రాలరొచ్చి వలలు తెంపుకుంటూ పోతే? అది ఫిషరీస్ వారి పని. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో రుషికుల్య నది మొగ దగ్గరైతే అటవీ శాఖ. ఇంకా లోపలికెళ్తే కోస్ట్ గార్డు. ఇసుక మీద జరిగితే ఊరి స్టేషను, నీళ్ళలో జరిగితే మెరైన్ స్టేషను. అల వచ్చి తడిపి వెళ్ళిన ఆ కాస్త జాగా ఎవరిదో సెలవిస్తే, ఫిర్యాదు ఎక్కడివ్వాలో మేమే చూసుకుంటాం.

వెటకారం పక్కన పెట్టి ఒక మాట. 2025 జూన్ 15న, రజ పండగ రోజుల్లో, ఈ తీరంలోనే ఒక కాలేజీ విద్యార్థిని మీద సామూహిక అత్యాచారం జరిగింది. పదిమందిని పట్టుకున్నారు, అందులో నలుగురు మైనర్లు. త్వరగా పట్టుకున్నందుకు మెచ్చుకోవలసిందే. కానీ పట్టుకోవడం జరగరానిది జరిగాక చేసే పని. పండగనాడు జనం ఎక్కడ పలచబడతారో, సరుగుడు చెట్లలో ఏ దారికి దీపం లేదో, ఎవరు ఎక్కడ తాగి ఎటు తిరుగుతారో సీసీ కెమెరాకి తెలియదు, నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన ఎస్సైకీ తెలియదు. ఒడ్డున వల బాగుచేసుకుంటూ కూర్చునే ముసలాయనకి తెలుసు. గంపలెత్తుకుని బరంపురం పోయే ఆడవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. తెలిస్తే చెప్పొచ్చుగా అంటారు. చెప్పినవాళ్ళ పేరు సాయంత్రానికల్లా ఆ తాగినవాడి చెవిన పడదని హామీ ఉంటే చెప్తాం.

మాకు చేతకాదనుకోకండి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా నెత్తి మీదే తీరం దాటింది. 1999 తుఫానులో దాదాపు పదివేల ప్రాణాలు పోగొట్టుకున్న రాష్ట్రం, ఈసారి దగ్గర దగ్గర 10 లక్షల మందిని ముందే కదిలించింది. అంతమంది లాఠీకి కదలరు. మంచం పట్టిన ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, గుమ్మం దిగనని మొండికేసేది ఎవరో తెలిసినవాళ్ళు అడిగితేనే కదులుతారు. 2020 ఆగస్టులో ఈ జిల్లాలోని మత్స్యకారుల ఊరు వెంకట్రాయిపూర్‌నీ, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోళియాసాహినీ సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళుగా యునెస్కో గుర్తించింది. హిందూ మహాసముద్ర దేశాల్లో ఆ గుర్తింపు వీటికే మొదట. ఊరి పటం, తప్పించుకునే దారులు, కమిటీ, డ్రిల్లు, అన్నీ కుదిరాయి. ఎప్పుడొస్తుందో తెలియని అలకి ఇంత ఏర్పాటు. ఆదివారం వచ్చి సీసాలు పగలగొట్టే మూకకి ఏ ఏర్పాటూ లేదు. అలాంటి పటం మీదే చీకటి జాగాలు గుర్తుపెట్టమనండి, ఒక్క పూట పని.

కమిటీ అనగానే కండువాలు ముందుకొస్తాయి, జాగ్రత్త. తమిళనాడులో 1993లో రామనాథపురంలో పుట్టిన పోలీసు సహాయక దళం ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్‌కి ఒకప్పుడు ఎంతో పేరు. 2020లో సాత్తాన్‌కుళం కస్టడీ చావుల కేసులో దాని వాలంటీర్ల మీదా ఆరోపణలొచ్చాయి, జూలైలో ప్రభుత్వమే దాన్ని నిషేధించింది. కాబట్టి మాకు లాఠీ వద్దు, టోపీ వద్దు. ఒడ్డున కూర్చున్న జంటల్ని తరిమే పని అసలే వద్దు, ఆ వంకతో డబ్బు గుంజడం నేర్చినవాడు అక్కడితో ఆగడు. కేరళలో 2008లో మొదలెట్టిన జనమైత్రి పోలీసు పథకం ఎదురు దిక్కున నడిచింది. ఊరివాళ్ళని పోలీసుల్ని చేయకుండా, బీటు పోలీసుని ఇంటింటికీ తిప్పి ఊరివాణ్ణి చేయబోయింది. మాకు కావలసింది అది.

ఇక నోరు. 1936లో గంజాం మద్రాసు నుంచి ఒడిశాకి మారింది గాని, మా పేటల్లో ఆడవాళ్ళు పోట్లాడుకునేది ఇప్పటికీ తెలుగులోనే. ఫిర్యాదు మాత్రం స్టేషన్లో ఒడియాలో రాసుకుంటారు. వల కోశారు, అడిగినవాణ్ణి కొట్టారు అని చెప్పుకుంటే కాగితం మీద చిన్న తగాదా అయి మిగులుతుంది. తెలుగొచ్చిన బీటు కానిస్టేబులుని ఒక్కరిని ఇప్పించండి. ఆడమనిషైతే సగం నేరాలు ఆమె చెవిన ముందే పడతాయి.

మీటింగు పెట్టదలిస్తే తెల్లవారుజామున పెట్టకండి, మగవాళ్ళు నీటి మీద ఉంటారు. పొద్దున్న పెట్టకండి, ఆడవాళ్ళు బరంపురం బజార్లో ఉంటారు. మధ్యాహ్నం మూడింటికి రండి. షామియానా, దండలు అక్కర్లేదు. పోయినసారి మేం చెప్పినవేమిటో, వాటి మీద ఏం జరిగిందో రాసిన కాగితం ఒకటి తెచ్చి, ముందుగా అది చదివి వినిపించండి.

ఇట్లు,
తమ కళ్ళూ చెవులూ