గట్టు మీద కుదరాల్సిన మాట: ఏడు తలకిందుల సలహాలు

కాలువలకు నీళ్లు వదిలారంటే కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు చుట్టూ చేలన్నీ పనిలో పడతాయి. నారుమళ్లు, దమ్ము, నాట్లు, కలుపు, కోత, కుప్ప, ఆ వెనకే అదే చేలో మినుము. ఫ్యాక్టరీలో యంత్రం కింద చెయ్యి నలిగితే అది పనిలో జరిగిన ప్రమాదం. పనలు ఎత్తుతున్న కూలీని రక్తపింజర కాటేస్తే మాత్రం తలరాత అంటాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏనాడూ చేలగట్టు దాకా రాలేదు. అక్కడ ఇన్‌స్పెక్టరు ఉండడు, ప్రమాదాల రిజిస్టరూ ఉండదు. కౌలు రైతు దగ్గర ఇవాళ, ఇంకొకరి దగ్గర రేపు పనిచేసే మనిషికి యజమాని ఎవరో కూడా తేలదు. అందుకే పాముకాటు పని తెచ్చిపెట్టే ఆపద అని గుర్తించి, ఏం చేయాలో డాక్టర్లు, వ్యవసాయ శాఖవాళ్లు, పంచాయతీ, రైతులు, కూలీలు కలిసి ఒక మాట మీదికి రావాలి.

ఇందుకు మామూలుగా చెప్పే దారి ఒకటుంది. పెద్ద నిపుణుల్ని పిలవాలి, కారణం తేల్చాలి, అందరూ తలూపేదాకా కూర్చోవాలి, తీర్మానం అచ్చేయాలి. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. వినగానే తప్పుగా తోస్తుంది. అయినా బందరు, గుడివాడ ప్రాంతాల్లో, దివిసీమలో ఈ పని తలకెత్తుకునేవాళ్లు ఇలాగే చేయాలని నా గట్టి నమ్మకం.

1. డాక్టర్లను ఆఖరున పిలవండి

డాక్టరు చూసేది ఆస్పత్రి దాకా రాగలిగిన మనిషిని. 2001–03 మరణాల మీద దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో, పాముకాటుతో పోయినవాళ్లలో ఆస్పత్రిలో చనిపోయినవాళ్లు నాలుగో వంతు కూడా లేరని తేలింది. మిగతావాళ్లు ఇంట్లోనో దారిలోనో ప్రాణం విడిచారు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలయ్యారని తర్వాతి పరిశోధన అంచనా. అందులో ఎక్కువమంది పల్లెలవాళ్లు, ఎక్కువ చావులు వానాకాలంలో. అంటే చాలా చావుల సంగతి తెలిసింది ఇంటివాళ్లకూ తోటి కూలీలకూ మాత్రమే.

కాబట్టి మొదట కూర్చోవాల్సింది వాళ్లతోనే. నాట్లు వేసే ఆడవాళ్లు, మినుము పీకేవాళ్లు, రాత్రిళ్లు చేలకు నీళ్లు పెట్టేవాళ్లు, మేస్త్రీలు రావాలి. ఆ పూట పోయిన కూలి డబ్బులు వాళ్లకు చేతికివ్వాలి. నిపుణుడికి ఇచ్చే భత్యం నిపుణుడికి ఎలా హక్కో, ఇది వీళ్లకు అలాగే హక్కు. “ఏ పనిలో చెయ్యి ఎక్కడ పెట్టాలంటే భయం? ఏ వేళప్పుడు? దగ్గరలో వెలుతురుందా?” అని అడగండి. కోసిన పనల కింద చెయ్యి పెట్టినప్పుడు, కుప్ప విప్పినప్పుడు, చీకటితో గట్టు వెంట నడిచినప్పుడు, నీళ్లు నిండి ఎలుక బొరియల్లోంచి పాములు గట్టెక్కినప్పుడు అని పనివారీగా జవాబులు వస్తాయి. ఆ జాబితా చేతికొచ్చాకే డాక్టరు గారికి కబురు పెట్టండి.

2. బూట్లతో మొదలుపెట్టకండి

ఇలాంటి సమావేశాల్లో అందరికంటే ముందు ఒప్పుదల దొరికేది గమ్‌బూట్లకు. ఎవరికీ అభ్యంతరం ఉండదు కాబట్టే దొరుకుతుంది. అంత సులువుగా కుదిరిన మాటను అనుమానించండి. దమ్ము చేసిన మడిలో బూటు దిగబడితే కాలొక్కటే పైకొస్తుంది. పనల కింద పెట్టేది కాలు కాదు, చెయ్యి. కట్లపాము ఎక్కువగా కరిచేది రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను.

గట్టు మీద నడకకూ గడ్డి కోతకూ బూట్లు మంచివే. పనలు కదిపి చూడటానికి కర్ర కావాలి. చీకటి నడకకు టార్చిలైటు కావాలి. చేలో కాపలా పడుకునేవాళ్లకు మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర కావాలి. వస్తువు మీద కాకుండా ఒక్కొక్క పని మీద ఒప్పుదల తీసుకుంటే ఇవన్నీ వాటంతట అవే బయటికొస్తాయి.

3. పెద్దాయనను ముందు మాట్లాడనివ్వకండి

హోదా ఉన్నాయన ముందు మాట్లాడితే తర్వాత వినిపించేవన్నీ ఆయన మాటలే. 1950లలో అమెరికాలోని ర్యాండ్ సంస్థ ఇందుకోసమే డెల్ఫీ అనే పద్ధతి తెచ్చింది. నిపుణులు ఒకరి పేరు ఒకరికి తెలియకుండా అభిప్రాయం రాసిస్తారు. అన్నీ కూర్చి మళ్లీ అందరికీ పంపుతారు. అవి చూసి ఎవరికి వారు తమ మాట మార్చుకోవచ్చు, నిలబెట్టుకోవచ్చు. వైద్యంలో మార్గదర్శకాలు రాయడానికి ఇప్పటికీ దీన్ని వాడతారు.

మన ఊళ్లో దీనికి కంప్యూటరు అక్కర్లేదు. ఆశా కార్యకర్త ఒక్కొక్కరి దగ్గరా విడిగా కూర్చుని మాట రాసుకుంటే చాలు. చదువు రానివాళ్లు నోటితో చెబుతారు. పేర్లు తీసేసి అన్నీ పైకి చదవాలి. వారం తర్వాత రెండోసారి అడగాలి. కూలీ మాటకూ సివిల్ సర్జన్ మాటకూ కాగితం మీద ఒకటే చోటు.

4. మంత్రం వేసేవాళ్లను కూర్చోబెట్టండి

వాళ్లను పిలిస్తే మూఢనమ్మకానికి ముద్ర వేసినట్టేనని చదువుకున్నవాళ్లు అడ్డుపడతారు. కానీ కాటు తిన్న మనిషిని చాలా ఊళ్లలో మొదట తీసుకెళ్లేది వాళ్ల గుమ్మానికే. కరిచిన వాటిలో నీరుకట్టె లాంటి విషం లేని పాములు బోలెడు. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. అందుకే మంత్రం చాలాసార్లు పనిచేసినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి మంత్రం వేసే ఆయన ముందే, మర్యాదగా, వివరంగా మాట్లాడండి.

చికిత్స మీద ఆయనకు ఓటు లేదు. ఆయన నుంచి కావాల్సిన ఒప్పుదల ఒక్కటే: తన దగ్గరికి వచ్చినవాళ్లను క్షణం ఆపకుండా 108 ఎక్కించడం. గుడినీ ఇలాగే కలుపుకోండి. 2018 ఆగస్టులో దివిసీమలో వరుసగా పాముకాట్లు పడినప్పుడు మోపిదేవి గుడిలో సర్పశాంతి పూజలు జరిగాయి. సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి సర్పరూపంలో కొలిచే సీమ ఇది. ఆ గుడి మైకులో “కాటు పడితే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, ఆస్పత్రికి పదండి” అని వినిపిస్తే ఏ కరపత్రానికీ లేని బలం ఆ మాటకు వస్తుంది.

5. కారణం తేలేదాకా ఆగకండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూడండి. కొబ్బరి, జీడి తోటల్లో చెమటోడ్చే కుటుంబాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తోంది. నీళ్లా, ఎండలో నీరు తాగకుండా చేసే పనా, నొప్పి మాత్రలా, వంశమా అని బృందాలకు బృందాలు వచ్చి పరిశోధించాయి. అందరూ ఒప్పుకునే ఒకే కారణం తేలలేదు. 2023 డిసెంబరులో వంశధార నీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలయ్యాయి. కారణం తేలకపోయినా మంచినీళ్లు ఇవ్వచ్చు, డయాలసిస్ చేయచ్చు. అవి పదేళ్లు ముందే చేసి ఉండచ్చు కూడా. మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ వాదన నడుస్తుండగానే కూలీలకు నీళ్లు, విరామం, నీడ ఇచ్చే ఏర్పాట్లు చేశారు.

పాముకాటు విషయంలోనూ అంతే: “ఎందుకు” దగ్గర విడిపోయినవాళ్లు “ఏం చేద్దాం” దగ్గర కలవగలరు. ముందు అక్కడ కలపండి.

6. ఒప్పుకోనివాళ్ల మాట చెరిపేయకండి

పాముకాటు చికిత్స మీద మన దేశంలో నిపుణుల ఒప్పుదల ఉంది. 2006లో ఢిల్లీలో కూర్చుని జాతీయ విధానం ఖరారు చేశారు. ధైర్యం చెప్పాలి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచాలి, బిగించి కట్టకూడదు, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. చిన్న ఆస్పత్రిలో కూడా గాజుగొట్టంలో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచితే, అది గడ్డకట్టిందా లేదా అన్నదాన్ని బట్టి రక్తపింజర విషం సంగతి తెలుస్తుంది.

ఒప్పుదల లేనిదీ ఉంది. మన విషవిరుగుడు మందు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషంతో తయారవుతుంది. ఆ విషంలో ఎక్కువ భాగం తమిళనాడు పాములది. ఒకే జాతి పాము విషం చోటును బట్టి మారుతుంది కనుక అన్ని ప్రాంతాల్లో మందు ఒకేలా పనిచేస్తుందా అని శాస్త్రవేత్తలు అడుగుతున్నారు. ఈ ప్రశ్న తీర్మానంలో ఉండాలి. ఇది దాచి అందరం ఒకటే అంటే, మందు చాలని రోజున మొత్తం తీర్మానం మీదే నమ్మకం పోతుంది. సందేహం ఉన్నా ఆ మందే ప్రాణం నిలిపేదని కూడా పక్కనే రాయాలి.

7. తీర్మానాన్ని ఏడాదికే చెల్లేలా రాయండి

శాశ్వత తీర్మానాన్ని ఎవరూ తిరగేయరు. ఏటా కాలువలకు నీళ్లొచ్చే ముందు గడువు తీరిపోవాలి, మళ్లీ కూర్చోవాలి. ఒక్క పేజీ చాలు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, గుడివాడ, అవనిగడ్డ, బందరు ఆస్పత్రుల్లో విషవిరుగుడు ఎన్ని వయల్స్ ఉన్నాయి? 108 ఆలస్యమైతే ఏ బండి వెళ్లాలి? టార్చిలైట్ల ఖర్చు రైతుదా, పంచాయతీదా? ప్రతి ప్రశ్న పక్కనా బాధ్యత తీసుకున్నవాళ్ల పేరుండాలి.

2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన జాతీయ కార్యాచరణ 2030 నాటికి పాముకాటు చావుల్ని సగానికి తగ్గించాలంటోంది. అదే ఏడాది నవంబరులో, ప్రతి కేసూ తప్పక నమోదయ్యేలా చూడమని రాష్ట్రాలను కోరింది. ఆ నమోదులో మన ఊరి ఆరోగ్య కేంద్రం ఒక్క గడి కలుపుకోవాలి: కాటు పడినప్పుడు ఆ మనిషి ఏ పనిలో ఉన్నారు? ఈ గడి రెండు వానాకాలాలు నిండితే, పాముకాటు పనిలో ప్రమాదమా, తలరాతా అని నిపుణులు ఇక వాదించుకోవాల్సిన పని ఉండదు. పరిహారం అడగడానికీ టార్చిలైటు కొనిపించడానికీ కూలీ చేతిలో ఆధారం ఉంటుంది.