నేను నిజాందాన్ని కాదు: ఒక బారూద్‌దాన్ ఆత్మకథ

నిజాం నవాబు నన్ను నడుముకు కట్టుకుని వేటకు వెళ్లాడని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మాట అన్నవాళ్లంతా నన్ను అమ్ముకోవడానికి అన్నవాళ్లే. జుమ్మెరాత్ బజార్లో ఒక కథ, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంకో కథ, నాంపల్లి హాల్లో మరో కథ. చేతులు మారినప్పుడల్లా నాకు కొత్త వంశం పుట్టుకొచ్చింది. ఇక నా సంగతి నేనే చెప్పుకోవడం మేలు.

నేను తుపాకీని కాను, తుపాకీకి మందు మోసేదాన్ని. ఇక్కడి పాతవాళ్లు బారూద్‌దాన్ అంటారు. బేరిపండు ఆకారంలో రాగి ఒళ్లు, పైన ఇత్తడి మూతి. ఒంటికి రెండువైపులా, పొదలో పక్షిని పసిగట్టి ముందుకాలు ఎత్తి నిలబడ్డ వేటకుక్క బొమ్మ. మూతి అంచున భూతద్దం పెడితే తప్ప ఆనని అక్షరాలు: జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్, షెఫీల్డ్.

పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండులోని ఆ షెఫీల్డులోనే పుట్టాను. పలచటి రాగి రేకును అచ్చులో పెట్టి కొట్టి, రెండు సగాలు తీసి, అంచులు కలిపి టంకం పెట్టారు. ఆ అతుకు ఇప్పటికీ సన్నటి గీతలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు ముందుగా వెతికేది దాన్నే. పోతపోసి పాతవని అమ్మే నకళ్లు చేతికి బరువుగా తగులుతాయి. నేను ఖాళీగా ఉంటే తేలిక. రాగీ ఇత్తడీ ఎందుకంటే, ఇనుములా అవి నిప్పురవ్వ రాల్చవు. సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపిన నల్లమందును కడుపులో పెట్టుకున్నదానికి ఆ జాగ్రత్త తప్పదు.

నా పనితనమంతా మూతిలోనే ఉంది. వేటగాడు నా గొట్టాన్ని వేలితో మూసి, నన్ను తలకిందులు చేసి, పక్కనున్న మీట నొక్కుతాడు. లోపలి తలుపు తెరుచుకుని గొట్టంలోకి మందు దిగుతుంది. మీట వదిలితే స్ప్రింగ్ లాగి తలుపు మూసేస్తుంది. గొట్టంలో మిగిలిందే ఒక దెబ్బకు సరిపడే మందు. గొట్టం మీద రెండున్నర, రెండుముప్పావు, మూడు అని గీతలున్నాయి. అవి డ్రాముల లెక్క. డ్రాము అంటే దాదాపు 1.77 గ్రాములు. తక్కువ పడితే గుండు అంత దూరం పోదు. మరీ ఎక్కువ పడితే తుపాకీ గొట్టమే పగిలి పట్టుకున్నవాడి చేయి పోతుంది. చీకట్లో కూడా ఆ లెక్క తప్పకుండా చూడటమే నా ఉద్యోగం.

ఒక దొర సామానుతో సికింద్రాబాదు కంటోన్మెంటుకు వచ్చాను. ఆయన సీమకు తిరిగిపోతూ జోడుగొట్టాల తుపాకీతో పాటు నన్నూ ఒక జాగీర్దారుకు అమ్మేశాడు. అక్కడ నా వైభవం ఎన్నాళ్లో సాగలేదు. 1860ల తర్వాత వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు ఊపందుకున్నాయి. మందు, గుండు, నిప్పు రాజేసే టోపీ మూడూ ఒక్క తూటాలో ఇమిడిపోయాక నాతో పనేముంది? జాగీర్దారు నుంచి ఆయన శికారీకి, శికారీ నుంచి అతని అల్లుడి ఊరికి చేరాను.

మూతి నుంచి మందు కూరే తుపాకీని తెలంగాణ పల్లెల్లో బర్మార్ అంటారు. తూటాలు కొనే స్తోమత లేనిచోట బర్మార్ మరో రెండు తరాలు బతికింది. దాని చాటున నేనూ బతికాను. జొన్నచేలో పడ్డ అడవిపందుల కోసం రాత్రిళ్లు మంచె మీద కాపలా కాశాను. ఒక వానాకాలం నా మీట కింద స్ప్రింగ్ విరిగింది. ఊరి కమ్మరి పాత రంపపు రేకు ముక్క కోసి, వంచి, కాల్చి నీళ్లలో ముంచి బిగించాడు. కాస్త వంకరగా కూర్చుంది గానీ, మీట మళ్లీ టక్కున పడింది. ఈ స్ప్రింగ్ సంగతి గుర్తుంచుకోండి.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంపై పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ఊళ్లలో ఆయుధాలు పోగుచేశారు. బర్మార్‌ను పట్టుకుపోయారు. నన్నెవరూ అడగలేదు, నాతో ఎవరిని కాల్చగలరు కనుక? అటక ఎక్కాను. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేటకు కళ్లెం పడింది. ఇంట్లోవాళ్లకు నేను దేనికి పనికొచ్చేదాన్నో కూడా మరుపున పడింది. ఒక మనవడు నన్ను నూనెబుడ్డి అనుకున్నాడు.

ఇల్లు పడగొట్టినప్పుడు ఇత్తడి చెంబులతో కలిపి తూకానికి వేశారు. అలా హైదరాబాదు జుమ్మెరాత్ బజారుకు చేరాను. అక్కడ ఒక పాతసామాన్ల వ్యాపారి, కొనేవాడి కంటికి ఆనాలని, చింతపండూ ఉప్పూ పెట్టి నన్ను తోమాడు. ఒకవైపు పూర్తిచేసి రెండోవైపు మొదలుపెట్టేలోపు బేరం తగిలి లేచాడు. అందుకే నా ఒక కుక్కకు చెవీ ముక్కూ అరిగిపోయాయి. రెండో కుక్క మాత్రం వందేళ్లకు పైగా పట్టిన కాఫీరంగు పొరలో వెంట్రుకలతో సహా నిక్షేపంగా ఉంది. సేకరణదారులు పాటినా అని ప్రాణం పెట్టేది ఆ పొరకే. తోమితే ఇంట్లో చెంబుకు గౌరవం పెరుగుతుంది, నాబోటిదానికి ధర పడిపోతుంది.

అక్కణ్నుంచి అబిడ్స్. ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాతపుస్తకాలు పరుస్తారు. ఎంసెట్ గైడ్లకూ చిరిగిన ఇంగ్లీషు నవలలకూ మధ్య ఒక గుడ్డముక్క మీద పాతనాణేలతో పాటు నన్నూ పెట్టారు. అక్కడే మా సారు నన్ను చూశారు. సర్కారు కొలువులో లెక్కలు చూసి రిటైరైన మనిషి. జేబులోంచి భూతద్దం తీసి మోకాళ్ల మీద కూర్చున్నారు.

"గా గన్‌ఫౌండ్రీ గల్లీల్నే చేసిన్రు సార్ దీన్ని. ఫ్రెంచి రేమండ్ సాబ్ కార్ఖాన," అన్నాడు అమ్మేవాడు.

మాటలో సగం నిజమే. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. తోప్ కా సాంచా అనేవారు. ఆ పేటకు గన్‌ఫౌండ్రీ అన్న పేరు అలాగే వచ్చింది.

"రేమండ్ 1798లనే సచ్చిపోయిండు భాయ్. దీని మీద షెఫీల్డ్ అని ఉన్నది," అన్నారు సారు.

"గట్లయితే నిజాం సర్కార్‌దే సార్. అబిడ్ సాబ్ దుకాణంల కొన్నరు."

అదీ గాలిమాట కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆర్మీనియన్ ఆల్బర్ట్ అబిడ్ ఇక్కడ దుకాణం పెట్టబట్టే ఈ చోటు అబిడ్స్ అయింది. కానీ మహబూబ్ అలీ పుట్టింది 1866లో. పులుల వేటలో ఆయన పేరు మోగేనాటికి తూటాల కాలం వచ్చేసింది. ఆయనకు నాతో ఏం పని? సారు ఈ లెక్క చెబుతుంటే అమ్మేవాడు నవ్వేసి ధర సగానికి దించాడు. నిజాలు చెప్పిన కొద్దీ నేను చవకైపోవడం అదే మొదటిసారి చూశాను.

సారు నన్ను ఇంటికి తీసుకెళ్లి పొడిగుడ్డతో దుమ్ము తుడిచారు. అంతకుమించి చేయి చేసుకోలేదు. తర్వాత ఒక చిన్న అట్టముక్క మీద పేరు, ఊరు, కాలం, ఒకవైపు తోమబడింది అన్న ముక్క, స్ప్రింగ్ తర్వాత వేసినది అన్న ముక్క రాసి పెట్టారు. నిజాం పేరు లేదు.

నాంపల్లిలో నాణేలు, స్టాంపులు, పాతనోట్ల వాళ్లు కలిసి పెట్టుకునే ప్రదర్శనకు నన్ను తీసుకెళ్లడం మొదలైంది. నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌కు వచ్చే జనంలో పిసరంత కూడా రారు. కానీ వచ్చినవాళ్లు ఊరికే చూసిపోరు. పొద్దున తలుపులు తెరవకముందే టేబుళ్లు సర్దుకుంటూ తమలో తాము సగం మార్పిళ్లు కానిచ్చేస్తారు. నిజాంల చార్మినార్ రూపాయిలు ఒకచోట, హాలీ సిక్కా నోట్లు ఒకచోట. "చివరి మాట చెప్పండి" అనడం, లేచిపోయినట్టు నటించడం, టీ తాగి తిరిగి రావడం. డబ్బు చేతులు మారేవి తక్కువ, వస్తువుకు వస్తువే ఎక్కువ.

అక్కడ తుపాకులుండవు. అవి చూడాలంటే దగ్గర్లోనే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికో, మూసీ పక్కన సాలార్‌జంగ్‌కో వెళ్లి అద్దం ఇవతల నిలబడాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు ఒక మినహాయింపు ఉంది. మరమ్మతు చేసినా సరే, పేలకూడదు. అప్పుడే ఆ మినహాయింపు వర్తిస్తుంది. పేలదని ఎవరు తేలుస్తారు, ఏ కాగితం చూపిస్తారు అన్న తలనొప్పికి భయపడి సారులాంటివాళ్లు తుపాకీ జోలికి పోరు. తాతల తుపాకులున్న ఇళ్లకూ ఇబ్బందే. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగ్గవి మూడు నుంచి రెండుకు తగ్గాయి. అందుకే మా టేబుల్ మీద తుపాకీ చుట్టూ ఉండే చిల్లర సామానే: నేను, గుళ్లు పోసుకునే ఒక తోలుసంచి, గొట్టం తుడిచే కడ్డీ.

ఒకసారి మఫ్టీలో ఉన్న పోలీసాయన నన్ను చేతిలోకి తీసుకుని, "లోపల మందుందా?" అన్నారు. సారు మాట్లాడకుండా నా మూతి విప్పి తెల్లకాగితం మీద బోర్లించారు. ఎండిన సాలెపురుగు ఒకటి, చిటికెడు మన్ను పడ్డాయి. పోలీసాయన అట్టముక్క మొత్తం చదివి, "ఇంత రాశారు, ఎవరిదో రాయలేదే?" అన్నారు. "తెలిస్తే రాద్దును," అన్నారు సారు.

సారు మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. సెలవులకు వచ్చి నన్ను చూడగానే ఎగిరి గంతేశాడు. "మామా, ఓక్లహోమాలో టల్సా అని మాకు దగ్గరే. అక్కడి ఆయుధాల సంతలో నాలుగు వేలకు పైగా టేబుళ్లు వేస్తరు. 1899కి ముందువైతే తుపాకులే యాంటిక్ కింద పోతయ్, ఇదెంత? నాకియ్యి, బ్యాగుల పెట్టుకొని పోత." సారు తల అడ్డంగా ఊపారు. "వందేళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించొద్దురా. 1972 చట్టం." వేటకు కళ్లెం వేసిన ఏడాదే నా అమెరికా ప్రయాణాన్నీ ఆపేసిందన్నమాట. మేనల్లుడు ఫొటోలు తీసుకుని తృప్తిపడ్డాడు. నాకూ బాధలేదు. అక్కడ నాబోటివి టేబుళ్ల నిండా ఉంటాయి, అన్నిటికీ అసలు స్ప్రింగులతో.

నాంపల్లిలో మా పక్క టేబుల్ వ్యాపారి ఒక రోజు సారు చెవిలో అన్నాడు: "ఆ కార్డు తీసెయ్యండి సార్. స్ప్రింగ్ మార్పించి, రెండోవైపు కూడా మెరిపిద్దాం. నిజాంది అంటే మూడింతలకు నేనే కొంటా." సారు సరే అనలేదు, కసిరి కొట్టనూ లేదు. ఆ సంతలో రేపు మళ్లీ పక్కపక్కనే కూర్చోవాలి కదా. "ఆలోచిస్తా" అని అట్టముక్కను ఇంకాస్త ముందుకు జరిపారు.

ఆ మధ్యాహ్నమే వరంగల్ నుంచి ఒక చరిత్ర లెక్చరర్ వచ్చింది. అందరూ మెరిసే కుక్కను చూస్తే, ఆమె నన్ను తిప్పి మీట నొక్కింది. రెండుసార్లు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది ఊర్లో ఏసిన స్ప్రింగ్ కదా సార్?"

"అవునమ్మా. అసలుది కాదు. అందుకే ధర తగ్గించి చెబుతున్నా."

"మా అమ్మమ్మ ఊర్లో కమ్మరోళ్లు బర్మార్లకు ఇట్లనే వంచేటోళ్లట. నాక్కావాల్సింది ఇదే సార్. ధర తగ్గించకండి."

నాకు వయసొచ్చాక నా లోపానికి బేరం పెరగడం చూసింది అప్పుడే. ఆమె సంచిలోంచి ఈలీ కంపెనీ టోపీల రేకుడబ్బా తీసింది. సారు ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది. డబ్బా ఇటు, నేను అటు, పైన కొంత నగదు. పక్క టేబుల్ వ్యాపారి పెద్దగా నిట్టూర్చాడు.

ఆమె ఇంట్లో నాకో రిజిస్టరు పేజీ ఉంది. ఎవరి దగ్గర కొన్నది, ఎక్కడ, ఎంతకు, ఏం తెలుసు, ఏం తెలియదు అన్నీ గడులు గీసి రాసింది. మరమ్మతు అన్న గడిలో "తెలంగాణ కమ్మరి పని, రంపపు రేకు, మార్చకూడదు" అని ఉంది. షెఫీల్డు నా మూతి మీదే చెక్కి ఉంది, దానికి సాక్ష్యం అక్కర్లేదు. నేను ఈ నేల మీద పనిచేసి బతికానని చెప్పడానికి మాత్రం ఆ వంకర స్ప్రింగ్ ఒక్కటే ఆధారం. నిజాం పేరు తగిలించడానికి దాన్ని పీకేద్దామనేవాళ్లకు నన్ను అమ్మొద్దు, ఎన్నింతలిచ్చినా సరే.