మధ్యరకం మంద్రం

చవక బేస్ గిటార్ కొనడానికి ధైర్యం ఉంటే చాలు. ఖరీదైనది కొనడానికి డబ్బుంటే చాలు. మధ్యరకం కొనేవాడి దగ్గర ఈ రెండూ అరకొరగానే ఉంటాయి, సందేహం ఒక్కటే దండిగా ఉంటుంది.

పదిహేను వేల లోపు సరుకైతే కొట్టువాడు ఏది చేతిలో పెడితే అది సంచిలో వేసుకుని వచ్చేస్తాం. అమెరికాలో తయారైన లక్షల ఖరీదు సరుకైతే అద్దంలోంచి చూసి, ఓ దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. రెండు చోట్లా నిద్రకి లోటు లేదు. 30 వేలకీ 60 వేలకీ మధ్య ఇరుక్కున్నవాడికే అసలు బాధ. అక్కడ ప్రతి బేస్ పక్కనా, ఇంకో నాలుగు వేలు వేస్తే వచ్చే మరో బేస్ వేలాడుతూ ఉంటుంది. ఆ నాలుగూ వేస్తే తీగలు ఆనే బ్రిడ్జి బరువైనది వస్తుంది. మరో ఐదు వేస్తే రంగు నిగనిగలాడుతుంది. ఎలాగూ ఇంత వేశాం కదా అని ఇంకో ఆరు వేస్తే... అలా వేసుకుంటూ పోతే చివరికి తేలేది ఆ దణ్ణం పెట్టుకున్న అద్దం ముందే.

సికింద్రాబాద్‌లో మా కాలనీకో ఆర్కెస్ట్రా ఉంది. వినాయక చవితికి మొదలై న్యూ ఇయర్‌తో మా సీజను ముగుస్తుంది. అందులో బేస్ నాది. నేనేమీ కోరుకోలేదు. నేను చేరేసరికే గిటారు పట్టుకున్నవాళ్లు ముగ్గురున్నారు, మిగిలింది ఇదీ, తంబురా. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. పాల్ మెకార్ట్నీ అంతటివాడికే ఇలా అంటగట్టారు. 1961లో బీటిల్స్ బృందం నుంచి బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకుంటే, బేస్ మాకొద్దంటే మాకొద్దని మిగతావాళ్లు చేతులెత్తేశారు. అది ఈయన నెత్తిన పడింది. అమెరికా కంపెనీ ఫెండర్ బేస్ అప్పట్లో వంద పౌన్ల మాట. హాంబర్గ్‌లో హోఫ్నర్ అనే జర్మన్ కంపెనీవాళ్లు ఫిడేలు ఆకారంలో చేసిన బేస్ ముప్పై పౌన్లకి అటూఇటూగా దొరికింది. పైగా ఈయనది ఎడమచేతి వాటం. ఆ బేస్ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది గనక తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని నచ్చింది. అంటే లోకంలో ఇంత పేరుమోసిన బేస్‌ని ఎంచుకున్నది ధర చూసి, అందం చూసి. ఆ బేస్‌ని 1972లో దొంగలెత్తుకుపోయారు. యాభై ఏళ్లు దాటాక మళ్లీ ఆయన చేతికి చేరినట్టు 2024లో వార్త వచ్చింది. మధ్యరకం సరుకు మన్నిక అంటే అదీ.

బేస్ కొంటానంటూ ఈ చరిత్రంతా ఇంట్లో విన్నవించాను. మా బావమరిది మాత్రం సూటిగా లెక్కల్లోకి దిగాడు.

"ఎంతవుతుంది బావా?"

"ఓ నలభై."

"తీగలెన్ని?"

"నాలుగు."

మనసులో భాగించుకున్నాడు. "తీగ పదివేలు పడుతోంది బావా! మొన్న మావాడికి గిటారు ఎనిమిది వేలకి తెచ్చాను. ఆరు తీగలు."

"మా అమ్మాయి వీణకి ఏడు బాబూ," అని మా అత్తగారు అందుకున్నారు.

మా ఆవిడ ఇంతసేపూ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. "ఏమండీ, మీరు వాయించేది ఎలాగూ ఎవరికీ వినపడదు కదా, నాలుగు తీగలు మాత్రం ఎందుకు?" అంది.

వినపడదన్న మాటలో శాస్త్రం లేకపోలేదు. బేస్ మీద అన్నిటికన్నా లావు తీగని ఊరికే మీటితే సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. సెల్‌ఫోన్‌లో ఉండే గోరంత స్పీకరుకి ఆ కిందిస్థాయి పలకడం చేతకాదు. పై అనుస్వరాలు కాసిని పలికితే మిగతాది మన చెవే ఊహించుకోవాలి. మా ప్రోగ్రాం వీడియో చూసి అమెరికా నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. "అందరూ వాయిస్తుంటే నువ్వొక్కడివీ ఆ వేళ్లు నులుముకుంటూ నిలబడ్డావేంట్రా, ఒంట్లో బాగాలేదా?" అని.

కానీ ఇళయరాజా పాట విన్న ప్రతి తెలుగువాడూ బేస్ విన్నట్టే. 1989లో వచ్చిన 'గీతాంజలి' పాటల్ని మంచి స్పీకర్లలో పెట్టి, గొంతుని వదిలేసి అడుగున ఏం నడుస్తోందో వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తుంటుంది. ఆయనకి ఏళ్ల తరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరు మనలో ఎందరికి తెలుసు? ఇది మన ఒక్కళ్ల దౌర్భాగ్యం కాదులెండి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అమెరికా అంతటినీ ఆడించాడు. ఆ కంపెనీ రికార్డుల అట్ట మీద వాద్యగాళ్ల పేర్లు పడడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు, పాత తీగలోనే నాదముంది అనేవాళ్ల జాతి. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నేనూ మార్చడం మానేశాను. జేమర్సన్ కావడానికి నాకు ఇంకా ఆ వేలు ఒక్కటే బాకీ.

ఇంతకీ ఈ వస్తువుని లోకానికి అలవాటు చేసిన లియో ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆ రోజుల్లో బేస్ అంటే మనిషికన్నా ఎత్తుండే డబుల్ బేస్. కారులో పట్టదు, గోలలో వినపడదు, ఏ స్వరం ఎక్కడుందో చేత్తో తడుముకోవాలి. ఈయన 1951లో దాన్ని మెడలో వేసుకునేంత చేసి, కరెంటు పెట్టి, వీణకున్నట్టు మెట్లు పెట్టి, వేలు ఎక్కడ నొక్కితే అక్కడ కచ్చితమైన స్వరం పలుకుతుందని ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. 1960లో ఇదే ఇంటి నుంచి జాజ్ బేస్ వచ్చింది. ఇవాళ ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా చాలామటుకు ఈ రెండిటికీ పుట్టిన పిల్లలే. తీగ పొడవు 34 అంగుళాలంటే దాదాపు అందరికీ 34 అంగుళాలే. వాయించడం రానివాడు గీసిన గీత దాటడానికి వాయించేవాళ్లెవరికీ ధైర్యం చాల్లేదు.

ప్రెసిషన్ నెక్ పైచివర వెడల్పు దాదాపు 42 మిల్లీమీటర్లు, జాజ్‌ది 38. తేడా నాలుగు మిల్లీమీటర్లు. బేస్ వాయించేవాళ్లు ఇద్దరు కలిస్తే ఆ నాలుగు మిల్లీమీటర్ల మీద తెల్లారేదాకా కొట్టుకోగలరు. మళ్లీ ఇద్దరూ స్టేజి మీద ఎవరికీ కనిపించనివాళ్లే.

షాపులో బేస్ పరీక్షించడం వేరే యాతన. గిటారు చూడ్డానికొచ్చిన కుర్రాడొకడు ఎప్పుడూ మనకన్నా ముందే వచ్చి, అన్నిటికన్నా పెద్ద ఆంప్ ముందు కూర్చుని ఉంటాడు. అతను కొనడు. వెనకాల నిలబడ్డ వాళ్ల నాన్న అసలే కొనడు. ఆ హోరులో మన 41 కంపనాలు ఎవరిక్కావాలి? అందుకని నేను ప్లగ్గు పెట్టకుండానే మొదలుపెడతాను. బేస్ ఒళ్లో పెట్టుకుని దాని పైకొమ్ముకి చెవి ఆనించి మీటితే చెక్కంతా లోపల్నుంచి మాట్లాడుతుంది. చూసినవాళ్లు మాత్రం సేల్స్ కుర్రాడి వైపు తిరిగి కళ్లతో ఏదో అడుగుతారు.

తర్వాత నెక్ అంచు వెంట అరచేయి పైనుంచి కిందికి జార్చాలి. చెక్క ఆరితే ముడుచుకుంటుంది, లోహం ముడుచుకోదు. ఇండోనేషియా తేమలో పుట్టిన నెక్ మన మే నెలలో ఏసీ షాపులో వేలాడేసరికి మెట్ల కొసలు అంచుల్లోంచి పొడుచుకొస్తాయి. అరచేతికి గీరుకున్నాయంటే ధర గురించి మాట్లాడే అవకాశం మనకి దొరికినట్టే. చెయ్యి తిరిగిన రిపేరువాడు ఆకురాయి పట్టి వాటిని నున్నగా చేసేయగలడు. పన్నెండో మెట్టు మీద తీగని తాకీ తాకనట్టు మీటితే ఒక స్వరం, నొక్కి మీటితే ఇంకొకటి. రెండూ ఒకటే కావాలి. కాకపోయినా బ్రిడ్జి దగ్గర స్క్రూ తిప్పితే దారికొస్తుంది. దారికి రానిది ఒకటుంది. సన్నతీగ మీద ఐదు, ఆరు, ఏడు మెట్ల ప్రాంతంలో చాలా బేస్‌లకి ఒక స్వరం పలికీ పలక్కుండానే చచ్చిపోతుంది. పక్క స్వరాలు తాపీగా సాగుతుంటాయి, అదొక్కటి టక్కున ఆగుతుంది. ఈ జబ్బుకి పేదా గొప్పా తేడా లేదు. నేను మనసుపడ్డ ఎర్ర బేస్‌లో అది సరిగ్గా ఐదో మెట్టు మీద ఉంది, అంటే సి స్వరం. మా గాయకుడు ఏ పాటైనా సి లోనే పాడతాడు. గాయకుణ్ని మార్చడం చవకే గానీ ఆయన కాలనీ సంఘం కార్యదర్శి కూడా.

ఆపైన బెల్టు తగిలించుకుని నిలబడాలి, చెప్పులు కొనేటప్పుడు నాలుగడుగులు నడిచి చూసినట్టు. నిలబడి ఎడమచెయ్యి వదిలేయండి. తల బరువైన బేస్ అయితే నెక్ మెల్లగా నేలచూపులు చూస్తుంది. అలాంటిది కొంటే మూడు గంటల ప్రోగ్రాంలో ఎడమచేతికి వాయించే పని పోయి మోసే పని మిగులుతుంది. మొత్తం మీద నాలుగు కిలోలు మించితే యాభై దాటిన నడుం ఊరుకోదు. అందుకని త్రాసుందా అని అడిగాను.

సేల్స్ కుర్రాడు చాలా మర్యాదగా, "కిలోల లెక్కన ఇవ్వం సార్," అన్నాడు.

అతనిదే ఇంకో మాట, "ఇది యాక్టివ్ సార్." మంద్రం, తారం పెంచుకోవడానికి లోపల చిన్న సర్క్యూటు ఉంటుందన్నమాట. దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి. కేబుల్ గుచ్చడమే దాని స్విచ్చు. వాయించినా వాయించకపోయినా, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది. పందిట్లో కార్డ్‌లెస్ మైకుల బ్యాటరీలు సగం ప్రోగ్రాంలో పోతే ఎంత గందరగోళమో చూసినవాణ్ని. మైకు పోతే జనం అరుస్తారు. బేస్ పోతే ఎవరూ అరవరు, ఏదో వెలితిగా ఉందని కుర్చీల్లోంచి లేచి వెళ్లిపోతారు. దానికన్నా బ్యాటరీ లేని పాతకాలం పద్ధతే నయం. జాజ్ రకానికి ఇంకో పేచీ ఉంది. తీగ కంపనాన్ని పట్టే దాని రెండు పికప్పుల్లో ఒకదాని శబ్దం తగ్గిస్తే రెండోది గుయ్యిమంటుంది. రెండూ సమానంగా పెడితేనే ఆ రొద ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. సరైన ఎర్తింగు లేని మన పందిళ్లలో అయితే ఆ గుయ్యి కూడా పాటలో భాగమైపోతుంది. ప్రెసిషన్ పికప్పుని 1957లోనే రెండు ముక్కలుగా కోసి ఆ రొద పోగొట్టారు.

చెక్క ఏ చెట్టుది అనే చర్చలోకి నేను దిగలేదు. మీద అన్ని పొరల రంగు కొట్టాక అది ఏ అడవిదైతే నాకేం? ఐదు తీగల బేస్ కూడా వద్దనుకున్నాను. ఆ ఐదో తీగ సెకనుకి 31 కంపనాలు. మా సౌండు సిస్టం అబ్బాయి బాక్సులు అక్కడిదాకా దిగవు. మా బావమరిదికి మాత్రం తీగ ధర తగ్గేది కదా అని బాధ.

మిగిలింది కంపెనీ. మా బాబాయికి యమహా అని చెప్పగానే ముఖం విప్పారింది. "యమహానా! మైలేజీ ఎంతిస్తుందిరా?" ఆయన జీవితంలో సగం ఆర్ఎక్స్ 100 మీదే గడిచింది. ఆ కంపెనీ ముద్రలో ఉండేవి మూడు శృతిదండాలనీ, మోటారు సైకిళ్ల శాఖ 1955లో విడిపోయిన తమ్ముడనీ, వాద్యాల కంపెనీయే అన్నగారనీ చెబితే నమ్మలేదు. "బండి చేసేవాడు చేస్తే మాత్రం గట్టిగా ఉంటుంది, తీసుకో," అన్నాడు. ఆ మాట నిజమే. ఆ ధరలో యమహా బేస్‌ని వంక పెట్టడానికి చాలా కష్టపడాలి. ఐబనీజ్ నెక్ సన్నం, పొట్టి వేళ్లవాళ్లకి హాయి. అయినా నా చెయ్యి స్క్వయర్ ప్రెసిషన్ దగ్గరే ఆగింది. స్క్వయర్ అంటే ఫెండర్ ఇంటి రెండోవాడు. పేరు అన్నగారిది, పుట్టుక ఇండోనేషియాలో, ధర మన అందుబాటులో. ఒక పికప్పు, శబ్దానికొక మర, నాదానికొక మర. చూసుకోవడానికి ఇంకేమీ లేదు గనక వాయించుకోవడమే మిగులుతుంది. మెట్లు గీరుకోలేదు, తల వాలలేదు, సి స్వరం చావలేదు. ఇంటికొచ్చి వంటగది త్రాసు మీద పెడదామంటే మా ఆవిడ పిండి జాడీ అడ్డం పెట్టింది.

కొన్నాక తెలిసిన సంగతొకటుంది. గొంతు గోడకి తగిలి చల్లారుతుంది, గిటారు తలుపు దగ్గర ఆగుతుంది, మంద్రం మాత్రం స్లాబుని కదిలించి కిందికి దిగుతుంది. కింది ఫ్లాటులో రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మేం మా ఇంట్లో రిహార్సల్ పెట్టిన మర్నాడు చేతికర్రతో మెట్లెక్కి వచ్చారు. తిట్లకి సిద్ధపడి కుర్చీ వేశాను.

"మీ బృందంలో మిగతావాళ్లు వాయిస్తున్నారో లేదో తెలీదండీ. నాకు మీదొక్కటే వినిపిస్తుంది," అన్నారాయన. "రాత్రి మూడో పాటలో చరణం తిరిగొచ్చేచోట మీరు ఒక దెబ్బ ముందే పడుతున్నారు. చూసుకోండి."

అప్పట్నుంచి రిహార్సల్ అయిన ప్రతి రాత్రీ కిందనుంచి ఫోన్ చేస్తారు. బేస్ ఒక్కటీ విని అది ఏ పాటో పోల్చి ఆయన చెప్పాలి, అవునో కాదో నేను చెప్పాలి. నిన్న పూర్తిగా వేరే పాట పేరు చెప్పారు. మేం వాయించినదానికన్నా అదే చాలా మంచి పాట. వచ్చే శనివారం అది మొదలుపెడుతున్నాం. కార్యదర్శిగారు సి లో పాడతానన్నారు.