పాదుషా మీద దివాను కేసు

ఓడిపోయిన తిరుగుబాటు నాయకుణ్ణి రాజద్రోహం కింద విచారించాలంటే ముందు తేలాల్సింది ఒకటుంది: రాజెవరు, ప్రజ ఎవరు? 1858 జనవరి 27న ఢిల్లీ ఎర్రకోటలో బ్రిటిష్ సైనికాధికారులు ఈ చిక్కుని సులువుగా విప్పేశారు. అసలు ఆ ప్రశ్నే వేసుకోలేదు. 82 ఏళ్ల మొఘల్ పాదుషా బహదూర్ షా జఫర్‌ని ఆయన సొంత దివాన్-ఇ-ఖాస్‌లోనే ముద్దాయిగా కూర్చోబెట్టి, బ్రిటిష్ ప్రభుత్వ ప్రజ అయివుండి, విధేయత మరిచి, తానే హిందుస్థాన్ పాదుషానని ప్రకటించుకున్నాడని అభియోగం మోపారు. విచారణ సాగుతుంటే ముసలాయన కునికిపాట్లు పడేవాడు. ఆ అభియోగం వినడానికి మెలకువ అంత అవసరం కూడా లేదు లెండి.

ఎందుకంటే ఈస్టిండియా కంపెనీవారి కాగితాలే వేరే కథ చెబుతాయి. 1765లో ఈయన తాత షా ఆలంకి ఏటా 26 లక్షల రూపాయలు కడతామని ఒప్పుకుని బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీ, అంటే పన్నుల వసూలు హక్కు, పుచ్చుకున్నది కంపెనీయే. మన ఉత్తర సర్కారులకీ అదే ఏడు అదే పాదుషా దగ్గర ఫర్మానా రాయించుకుంది. 1835 దాకా బెంగాల్‌లో షా ఆలం పేరు మీదనే రూపాయలు కొట్టించింది. కౌలుదారు భూస్వామి మీద ఆక్రమణ కేసు పెట్టి, తీర్పు కూడా తనే రాసుకున్నట్టుంది ఈ వ్యవహారం.

అవి పాత కాగితాలు, 1857 నాటికి ఆయన నెలకు లక్ష రూపాయల పింఛనుదారు, అధికారమంతా కంపెనీదే కదా అంటారు. సరే, కర్ర ఉన్నవాడిదే బర్రె అనుకుందాం. మరి సిపాయిల తిరుగుబాటుతో ఆ ఏడు మే 11 నుంచి సెప్టెంబరు దాకా ఢిల్లీలో కర్ర కంపెనీ చేతిలో లేదే! అప్పుడు బర్రె ఎవరిది? హక్కు అడిగితే బలాన్నీ, బలం అడిగితే హక్కునీ చూపించడం వాదన కాదు, గారడీ. మే 16న కోటలో సుమారు 50 మంది బందీలను, ఎక్కువగా స్త్రీలనూ పిల్లలనూ చంపేశారే, దాన్నీ వదిలేయాలా? వదలకూడదు. కాని అది హత్య. ఆయన ఆజ్ఞ ఉందో లేదో సాక్ష్యంతో తేల్చి శిక్షించవచ్చు. అందుకు ఆయన్ని కంపెనీ ప్రజని చేయనక్కర్లేదు. పైగా ప్రాణం తీయబోమని మాటిచ్చి లొంగదీసుకున్నారు కాబట్టి ఉరి ముందే చెల్లదు. మిగిలింది గెలుచుకున్న ఊరికి దస్తావేజు పుట్టించడమే. మార్చి 9న ఆ పనీ అయింది. పాదుషా రంగూన్ పోయాడు. ఇంత కష్టపడి తనదని రుజువు చేసుకున్న రాజ్యాన్ని ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు కంపెనీ చేతిలోంచి లాగేసుకుంది.

అయినా బుద్ధి రాలేదు. 1945లో అదే ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షా నవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌లను చక్రవర్తి మీద యుద్ధం చేశారంటూ విచారించారు. దోషులన్నారు, యావజ్జీవ ప్రవాసం విధించారు. దేశమంతా రోడ్డెక్కేసరికి, 1946 జనవరిలో సర్వసేనాని ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దు చేశాడు. నేరం అదే, కోట అదే. కోట బయట బలమే మారింది. రాజద్రోహం తీర్పుకి అప్పీలు పైకోర్టులో ఉండదు, వీధిలో ఉంటుంది.