నాను, మేము, మనం

తిత్లీ తుపాను 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది. గాలి ఆ మర్నాటికి తెరిపిచ్చింది. కోటబొమ్మాళిలోని మా ఆఫీసులో మాత్రం ఇంకా వీస్తూనే ఉంది. ఊరు పేరు చెప్పాను కదా, ఆఫీసు పేరు అడక్కండి.

మొన్న టీ వేళకి, కొత్తగా చేరిన ఉద్దానం కుర్రాడు నోరు తెరిచాడు. "ఆ రాత్రి మావి నలభై కొబ్బరిచెట్లు పడిపోనాయండి. నాన్న నెల్లాళ్లు తోటలోకి ఎల్లలేదు."

ఆ మాట గాల్లో ఉండగానే మా పెద్ద గుమాస్తాగారు అందుకున్నారు. "నలభయ్యేటి బాబూ! మా బావమరిదివి నూటిరవై. ఆడ్ని ఓదార్చడానికి నాను స్కూటరేసుకుని ఎల్లాను. దారి పొడుగునా చెట్లే!" అక్కణ్ణుంచి కథ స్కూటర్ మైలేజీకి వెళ్లింది. మైలేజీ నుంచి ఆయన మోకాలికి, మోకాలి నుంచి విశాఖ డాక్టర్ ఫీజుకి. టీ అయిపోయింది. కుర్రాడి నాన్న తోట గట్టు మీదే నిలబడిపోయాడు.

ఈ జబ్బుకి పేరు పెట్టినాయన ఒకడున్నాడు. చార్లెస్ డెర్బర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త 1979లో 'ది పర్స్యూట్ ఆఫ్ అటెన్షన్' అని పుస్తకం రాశాడు. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఇచ్చే జవాబుల్లో రెండు రకాలు చూశాడాయన. ఎదుటివాడి మాటని వాడి దగ్గరే ఉంచి, ఇంకాస్త చెప్పనిచ్చేది ఒకటి. ఎదుటివాడి మాటని మెల్లగా తోలుకొచ్చి మన సాలలో కట్టేసుకునేది రెండోది. "నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?" అంటే మొదటిది. "మా బావమరిదివి నూటిరవై" అంటే రెండోది. పాపం డెర్బర్ మా ఆఫీసుకి రాలేదు. వచ్చుంటే ఆయన కూడా మోకాలి కథ వినే వెళ్లేవాడు.

ఇదేదో పరదేశం నుంచి దిగుమతైన సరుకనుకునేరు. 1892లోనే గురజాడ విజయనగరంలో గిరీశాన్ని రంగస్థలం ఎక్కించారు. గిరీశం మాట్లాడటం, వెంకటేశం వినడం: వాళ్ల చదువంతా అదే. మా సోమవారం మీటింగూ అదే. కాకపోతే అందరూ గిరీశాలే, వెంకటేశం పోస్టు ఖాళీ.

అసలు మన భాషకి ఉన్న సదుపాయం ఇంగ్లీషుకీ హిందీకీ లేదు. వాళ్లకి 'వుయ్' ఒకటే, 'హమ్' ఒకటే. మనకి 'మేము' వేరు, 'మనం' వేరు. వినేవాడు లోపలున్నాడో గుమ్మం బయటున్నాడో ఆ ఒక్క మాటలోనే తేలిపోతుంది. మా ఆఫీసు ఈ వ్యాకరణాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. పని అయితే "నేను చేశాను". పై ఆఫీసరు మెచ్చుకుంటే "మా సెక్షన్". ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాస్తే "మనం". "మనం ఈ ఫైలు ఒకసారి చూసుకోవాల్సిందండీ" అన్నారంటే, చూడనిది మీరేనని అర్థం. తప్పు మరీ పెద్దదైతే కర్తే ఉండడు, "పొరపాటు జరిగిపోయింది" అంతే. వర్షం పడిందన్నట్టు.

జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సర్వనామాలు లెక్కపెట్టి 2011లో పుస్తకం వేశాడు. ఆయన లెక్కలో 'నేను' ఎక్కువగా వాడేది కింది కుర్చీలవాళ్లట, పై కుర్చీల్లో 'మనం' ఎక్కువట. ఎందుకో నాకు అర్థమైంది. ఆడిట్లు చూసినవాళ్లు కదా.

ఈ గడ్డ మీద పుట్టినవాళ్లకి కలిసి పనిచేయడం ఎవరో వచ్చి నేర్పాల్సిన అవసరం లేదు. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు ఒక్కరే నిలబడి హరికథ చెప్పారంటే చెల్లింది. ఆయనకి సంగీతం వచ్చు. మాకు సంగీతం రాదు, హరికథ మాత్రం ఆపం. అదే బుర్రకథ చూడండి. నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు. వంత మధ్యలో అడ్డుపడినా కథని ముందుకు తోయడానికే, తన బావమరిదిని తీసుకురావడానికి కాదు. తప్పెటగుళ్లు ఆడేవాళ్లకి ఎవరి రేకు వాళ్ల గుండె మీదే ఉంటుంది, మోత మాత్రం ఒక్కటే. మేమూ గుండెలే బాదుకుంటాం. తాళమే ఎవరిది వారిది.

సరే, ఇంత చెప్పినవాణ్ణి నేనేం తక్కువ తిన్నానా అని ఒక వారం నన్ను నేను కాపలా కాశాను. మాటకు ముందు 'నేను' రాకూడదు, ప్రశ్నే రావాలి. మొదటిరోజు అటెండర్ దగ్గరికెళ్లి "మనవరాలు ఎలా ఉంది?" అన్నాను. ఆయన చేతిలో ఫైళ్లు కింద పెట్టేసి, నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, నాతో ఏటైనా పనుందా?" అన్నాడు. ఇరవయ్యేళ్ల పరిచయం.

మూడోరోజు ఉద్దానం కుర్రాడి పక్కన కూర్చున్నాను. నేను వారం రోజులు కళ్లు కాయలు కాసేలా తయారుచేసిన లెక్కల పట్టీ, అతను నెల కిందటే చేసి కంప్యూటర్లో పెట్టాడని అప్పుడు తెలిసింది.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"సెప్పబోయానండి. తమరు అప్పుడు మీ అమ్మాయి ఇంజనీరింగ్ సీటు గురించి సెప్తన్నారు. మర్నాడూ అదే."

మంచినీళ్లు తాగాను. ఏం అడగాలో తోచక, "నాన్నగారు ఎలా ఉన్నారు?" అన్నాను. పావుగంట మాట్లాడాడు. నెల్లాళ్ల తర్వాత తోటలోకి ముందు వెళ్లింది వాళ్లమ్మట. పడిన చెట్లని రంపంతో కోయించి, గుంతలు తీయించి, కొత్త మొక్కలు వేయించిందట. నాన్న ఆ గుంతల్లో నీళ్లు పోయడంతో మళ్లీ మనిషయ్యాడట. మొన్ననే ఆ చెట్ల నుంచి మొదటి గెల దింపారట. చెబుతుంటే కుర్రాడి మొహం చూడాల్సిందే.

మా పెరట్లోనూ ఒక కొబ్బరిచెట్టుంది. తిత్లీకి వంగిందే గాని పడలేదు. దాని కథ పెద్దదే. నాలుక చివరిదాకా వచ్చింది, టీతో పాటు మింగేశాను. వచ్చే వారం మీకు చెప్తాను.