మిస్డ్ కాల్ పద్యానికి పుదూరు టీక

అవతారిక: ఇంట తెలుగు, బడిలో తమిళము నడచు పుదూరున, 2019 నాటి ఎయిర్‌టెల్–జియో తగవును పురస్కరించుకొని టీకాకారుడు తానే పద్యము కట్టి తానే వ్యాఖ్యానించుచున్నాడు. కనుక కవిహృదయము తెలియలేదని తప్పించుకొను వీలు ఇతనికి లేదు.

మూలము (ఆటవెలది):
గంట మోగి మోగి గడియ దాటకమున్నె
కట్టు చేసి వాడు కాచుకొనియె
తిరిగి పిలుచు వాని తీరువ కట్టించె
నారు పైసలనుచు నార్చె నొకడు

టీక: గంట = ఫోను మోత; గడియ = 24 నిమిషములని నిఘంటువులు, ఇచట 20–25 సెకన్లని గ్రహించునది (మునుపు 45 దాకా మోగెడిది); దాటకమున్నె = అవతలివాడు చేయి కడుగుకొని వచ్చులోపలనే; కట్టు చేసి = తెంచి; వాడు = జియో; కాచుకొనియె = ఎదురుచూచెను; తిరిగి పిలుచు వాని = మిస్డ్ కాల్ చూచి తానే ఫోను చేయువానిని, అనగా వాని కంపెనీని; తీరువ = కాల్ చేసినవాని కంపెనీ, ఎత్తినవాని కంపెనీకి నిమిషమునకింతయని చెల్లించు సుంకము; ఆరు పైసలు = 2017 అక్టోబరు 1 నుండి దాని రేటు, అంతకుముందు 14; ఒకడు = ఎయిర్‌టెల్; ఆర్చెన్ = రణమున నయితే కేక వేసెను, కంపెనీల నడుమ నయితే టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్‌కి లేఖ వ్రాసెను.

తాత్పర్యము: తన చందాదారులు చేయు కాల్ గంటను జియో కుదించి, దానిని మిస్డ్ కాల్‌గా మార్చి, తిరుగు కాల్ మీద సుంకము రాబట్టుకొనుచున్నదని ఎయిర్‌టెల్ అభియోగము.

విశేషములు: శంక – రేగడి చేలో మిరపకు నీరు కట్టు మామ, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలోని కోడలికి ఒక్క రింగిచ్చి పెట్టేయును. ఆమె తిరిగి చేసి "చెప్పండి మామా" అనును. అది పొదుపు కాగా, ఇది మోసమెట్లు? సమాధానము – మామ మిగిల్చినది తన పైస. కంపెనీ రాబట్టినది ఎదుటివాని పైస. పైగా అచట కోడలికి సంగతి తెలియును.

జియో మతము వేరు. తక్కువ గంటయే లోకమందంతట ఆచారమనియు, మామవంటివారి మిస్డ్ కాల్స్‌కు బదులు పలుకుచు సుంకము కట్టునది తామే యనియు వాదించెను. అంతటితో ఆగక, ల్యాండ్‌లైన్‌కు చేరు కాల్స్‌కు తీరువ లేదు గనుక, ప్రత్యర్థులు వానికి మొబైల్ నంబర్ల వేషము వేసి వసూలు చేయుచున్నారని ఎదురు ఫిర్యాదు చేసెను. వారు కాదనిరి. ఈలోగా ఎయిర్‌టెల్ సైతము తన గంటను 25 సెకన్లకు దించెను. నిందించినవాడే అనుకరించుట ఇచటి చమత్కారము.

సిద్ధాంతము: 2019 నవంబరు 1న ట్రాయ్, మొబైల్‌కు 30, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు మోగవలెనని తీర్చెను. దోషి ఎవరనలేదు, గంటను కొలిచి ఇచ్చెనంతే. 2021 జనవరి 1 నుండి మొబైల్ తీరువయే సున్న అయినది. దొంగను పట్టుటకంటె పెట్టెను ఖాళీ చేయుట సులభమని నీతి.

ఫలశ్రుతి: సుంకము పోకమునుపే, 2019 అక్టోబరు 10 నుండి జియో ఆ 6 పైసలను చందాదారుని వద్దనే పట్టసాగెను. డిసెంబరు మొదటి వారమున ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, జియో మూడును రేట్లు పెంచెను. గంట విషయమున కుదరని ఏకాభిప్రాయము ధర విషయమున మూడు దినములలో కుదిరెను. ఈ పద్యము నిత్యము పఠించువారికి సకల కాల్స్ సిద్ధించును, రీచార్జి చేయించుకొన్నచో.