తలగుడ్డ కింద

నేను చేసిన బుద్ధితక్కువ పని చెప్పాలంటే ముందు నాకొచ్చిన విద్య గురించి చెప్పాల. ఎందుకంటే ఆ పని తెలియక చేసింది కాదు, అంతా తెలుసనుకొని చేసింది.

సోమందేపల్లెలో హైవేకు దగ్గరగా నాకొక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్ళికూతుళ్ళ పూలజడలు, ఐబ్రోలు, ఫేషియళ్ళు, ఇవే నడిచేవి. బెంగళూరుకు పోయి పాతకాలపు హెయిర్‌స్టయిళ్ళ కోర్సు చేసినాక ఇవన్నీ నాకు చప్పబడిపోయినాయి. అక్కడ నేర్పింది 1940ల నుంచి 60ల దాకా అమెరికా, ఇంగ్లండు ఆడవాళ్ళు వేసుకున్న సిగలు, వాటి మీద కట్టిన స్కార్ఫులు. విక్టరీ రోల్ అని ఒకటి ఉంటుంది. నుదుటి పక్కన ఒక పాయ తీసి, కుదుళ్ళ దగ్గర ఎదురు దువ్వి ఒత్తు తెప్పించి, కొస నుంచి వేళ్ళ చుట్టూ చుట్టుకుంటా పైకి తెచ్చి స్లైడ్లతో అదిమిపెట్టాల. స్కార్ఫును మూలగా మడిచి మెడ వెనక నుంచి తెచ్చి రోల్ పక్కన ముడెయ్యాల. బీహైవ్ అని ఇంకొకటి, ఒక పత్రిక అడిగితే 1960లో షికాగో హెయిర్‌డ్రెస్సర్ మార్గరెట్ విన్సీ హెల్ట్ తయారు చేసింది. అదే ఏడాది మన దగ్గర 'లవ్ ఇన్ సిమ్లా' సినిమా వచ్చి నటి సాధన పేరుమీది సాధనా కట్‌ను దేశానికంతా నేర్పించింది. 1971లో 'దసరా బుల్లోడు', 'ప్రేమ్‌నగర్' వచ్చినాక తెలుగుదేశమంతా సినిమా నటి వాణిశ్రీ ఎత్తు కొప్పే. ఇవన్నీ నాకు నోటికొచ్చు. అద్దం ముందర కూర్చున్న ప్రతి మనిషికీ చెప్పేదాన్ని.

ఒకసారి మా అమ్మను కూర్చోబెట్టి ఎత్తైన కొప్పు చుడితే ఆమె అద్దంలో చూసుకొని, "బాగానే ఉంది గానీ, ఇది పెట్టుకొని బిందె యాడ పెట్టుకునేది?" అనింది. ఇప్పుడు కొళాయి ఉంది కదమ్మా, బిందె ఎవరు మోస్తారని కొట్టిపారేసినాను. ఆ పొద్దు ఆ మాట చెవికెక్కించుకొని ఉంటే ఈ కథే లేదు.

ఇంకొక సంగతి కూడా నాకు తెలుసు. నా తప్పును బరువు చేసేది అదే. ఈ సిగల మీది స్కార్ఫు ఒట్టి అలంకారం కాదు. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వచ్చినప్పుడు, జుట్టు మిషన్లలో చిక్కుకోకుండా కట్టుకున్న గుడ్డ అది. ఒక కంటి మీదికి జుట్టు జారవిడిచే వెరోనికా లేక్ అనే సినిమా నటి, తనను చూసి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు అట్లే వదిలేస్తున్నారని 1943లో తన జుట్టు పైకి కట్టి మరీ చూపించింది. ఎర్ర గుడ్డ మీద తెల్ల చుక్కలు, మడిచిన చొక్కా చెయ్యి, బిగించిన పిడికిలి ఉండే ఆడమనిషి పోస్టరు కూడా 1943దే. ఒక కంపెనీ గోడల మీద కొన్నాళ్ళుండి మాసిపోయిన బొమ్మ అది. 1980లలో మళ్ళీ బయటికొచ్చి లోకమంతా తిరిగింది. కష్టం చేసే మనిషి కట్టుకున్న గుడ్డ తర్వాతి తరానికి ఫ్యాషన్ అయిందని నేనే పాఠం చెప్పేదాన్ని. మన తేలియా రుమాలు కూడా అంతే కదా అనేదాన్ని. నూనె, ఆముదం కాయల బూడిద పట్టించిన నూలుతో చీరాలలో, తర్వాత పుట్టపాకలో నేసిన ఆ ఎర్రా నల్లా గళ్ళ గుడ్డ, మనవాళ్ళకూ అరబ్బు దేశాలవాళ్ళకూ ఎండలో తలకు చల్లదనం. ఇప్పుడు అదే అద్దాల షోరూముల్లో వేలాడుతుంది.

ఇంత తెలిసి, మా ఊరి ఆడవాళ్ళు తలకు కట్టుకున్న తువ్వాలు కింద కూడా ఒక కారణం ఉంటుందని నాకు తట్టలేదు.

పార్లర్ ప్రచారానికి ఒక ఆల్బం చెయ్యాలని పెట్టుకున్నాను. సిటీ పిల్లలతో అందరూ చేస్తారు, నేను మన నేల మీది ముఖాలతో చేస్తానని పంతం. కొప్పులు చూసి రావడానికి లేపాక్షి పోయి వీరభద్రస్వామి గుడి కప్పు కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడినాను. 16వ శతాబ్దపు రంగుబొమ్మల్లో ఆడవాళ్ళ కొప్పులు మెడ మీదికి, పక్కకు వాలి ఉంటాయి. ఆ వంపునంతా ఫోన్లో ఫోటోలు తీసుకొచ్చుకున్నాను. బెంగళూరు చిక్‌పేటలో శాటిన్ స్కార్ఫులు కట్టలుగా కొన్నాను.

శెనక్కాయ కలుపు కాలం అది. సాయంత్రం కూలికి పోయిన ఆడవాళ్ళు ఆటోలు దిగి మా పార్లర్ ముందర నుంచే పోతారు. వాళ్ళలో ఒక అవ్వ ముఖం నాకు ఎప్పటి నుంచో కళ్ళలో ఉంది. ఎత్తైన చెంప ఎముకలు, ముక్కుకు రెండు వైపులా బేసరి గుర్తులు. ఆమె తలగుడ్డ కట్టే తీరు చూడాల్సిందే. నూలు తువ్వాలును నిలువునా మడిచి నడిమి భాగం నుదుటి మీద, కనుబొమ్మలకు కొంచెం పైన ఆనిస్తుంది. రెండు కొసలూ చెవుల పైనుంచి వెనక్కి తీసుకుపోయి, మెడ మీది జుట్టుముడి కింద ఒకదాని మీద ఒకటి దాటించి, మళ్ళీ పైకి తెస్తుంది. ఒక కొసను మెలిపెట్టి రెండోదాని కింద దోపుతుంది. ముడి లేదు, పిన్ను లేదు. పొద్దంతా చేన్లో వంగి లేచినా జారదు. నా శాటిన్ గుడ్డ ఎన్ని స్లైడ్లు పెట్టినా నూనె తల మీద నిలవదు.

"రా అవ్వా, ఒక్క ఫోటో తీసుకుంటా" అని చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చినాను. మిగతావాళ్ళు వాకిట్లో నిలబడి చూస్తా ఉండారు. కుర్చీలో కూర్చోబెట్టి తలగుడ్డ మీద చెయ్యి వేసినాను.

"గుడ్డ తీసేది వద్దులే పాపా."

సిగ్గుపడుతోందనుకున్నాను. "ఏం కాదులే అవ్వా, సినిమా యాక్టర్ మాదిరి చేస్తా చూడు" అని, దోపిన కొసను నేనే లాగేసినాను.

నడినెత్తిన అరచెయ్యి పట్టినంత మేర వెంట్రుక లేదు. చర్మం నున్నగా మెరుస్తా, వేలితో తాకితే కొంచెం గట్టిగా ఉంది. చుట్టూ పలచని తెల్ల వెంట్రుకలు. అవ్వ చేతులు ఒళ్ళోంచి పైకి లేచి, మళ్ళీ ఒళ్ళోకే పోయినాయి. "నీళ్ళు మోసిన నెత్తి పాపా. చిన్నప్పటి నుంచీ అదే కదా" అనింది. వాకిట్లో ఒకామె తల పక్కకు తిప్పుకుంది.

అప్పుడు ఆగి ఉండొచ్చు. గుడ్డ తిరిగి కట్టి పంపించి ఉండొచ్చు. నాకు మాత్రం పనితనం ఉప్పొంగింది. దీన్ని కప్పగలను అనుకున్నాను. ముందు ఆ నెత్తిని దగ్గరగా ఫోటో తీసినాను. తర్వాత పక్క జుట్టును ముందుకు తెచ్చి, లోపల సవరం చుట్ట పెట్టి, దాని మీద రోల్ చుట్టి, స్లైడ్లు గుచ్చి, నీలం రంగు స్కార్ఫు కట్టి, ఇంకొక ఫోటో తీసినాను. అవ్వ అద్దంలో చాలాసేపు చూసుకుంది. "బాగుందిలే. నా తువ్వాలు ఇయ్యి పాపా" అనింది. ఆ రాత్రి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, 'ముందు, తర్వాత' అని రాసి స్టేటస్‌లో పెట్టినాను. బెంగళూరులో నాతో కోర్సు చేసినవాళ్ళ గ్రూపుకు కూడా పంపినాను. మెచ్చుకోళ్ళు వచ్చినాయి. ఒక ముసలామెకు మేలు చేసినానని నమ్మి నిద్రపోయినాను. నా బుద్ధిహీనతలో అన్నింటికన్నా నీచమైనది ఆ నమ్మకమే.

స్టేటస్ సంగతి తెలిసి అవ్వ మనవరాలు వచ్చింది. హిందూపురం వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేసే పిల్ల. చున్నీ ఇంకా తలకే ఉంది, ఫ్యాక్టరీ బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. గొంతు పెంచలేదు.

"మా అవ్వ ఆ నెత్తి ఇంట్లో గూడా ఎవురికీ చూపీదు అక్కా. తలకు పోసుకునేటప్పుడు తలుపేసుకుంటాది. నువ్వు ఊరికంతా చూపించినావు."

ఆ పిల్ల ముందరే స్టేటస్ తీసేసినాను. గ్రూపులో కూడా తీసేసినాను. అప్పటికే ఎవరెవరి ఫోన్లలోకో పోయింది. మరుసటి రోజు వాళ్ళింటికి పోయి అవ్వ ముందర కూర్చొని, అడగకుండా తీసినాను, తప్పయిపోయిందని చెప్పినాను. ఆమె అడిగింది ఒకటే: "బెంగళూరోళ్ళు గూడా చూసినారా?" చూసినారన్నాను. "సరేలే" అనింది. ఆ 'సరేలే'ను క్షమించినట్టు లెక్కేసుకునే హక్కు నాకు లేదు.

అప్పుడు గానీ మా అమ్మ మాట చెవిన పడలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే సీమ మాది. అది కూడా పడితే. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోల నీళ్ళు, బిందె బరువు వేరే. దానికింద చుట్టకుదురు. బావి ఎండితే ఇంకొంచెం దూరం, బోరు ఎండితే మరింత దూరం. ఒకే చోట ఏళ్ళ తరబడి ఒత్తిడీ రాపిడీ పడితే వెంట్రుక కుదుళ్ళు చచ్చిపోతాయి, తిరిగి మొలవవు. జుట్టు గట్టిగా లాగి కట్టేవాళ్ళకు నుదుటి అంచు పలచబడేదీ ఇట్లాంటి హింసతోనే. ఇదంతా నా కోర్సులోనే చెప్పినారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

మా అవ్వలు కొప్పును మెడ మీదికి ఎందుకు వాల్చినారో అప్పుడు ఆలోచించినాను. నడినెత్తి ఖాళీగా ఉండాల. అది బిందెకు, గడ్డిమోపుకు, శెనక్కాయ కట్టెకు చోటు. కొప్పు ఎక్కడ ఉండాలో నిర్ణయించింది అందం ఒక్కటే కాదు, ఆ తల ఏం మోయాలో అది కూడా. లేపాక్షిలో నేను వంపు చూసినాను, ఖాళీ చూడలేదు. ఎత్తైన కొప్పు మా అమ్మ తరానికి అంత తీపి ఎందుకయిందో కూడా ఇప్పుడు వేరేగా తోస్తుంది. ఏమీ మోయనక్కరలేని తల ఎట్లుంటుందో తెర మీద చూపించిన కొప్పు అది. సవరాలు కొని పండగ పూట ఆ కొప్పు చుట్టుకున్న ఆడవాళ్ళ మీద నాకు ఇప్పుడు ఎంతో ప్రేమ.

పాత సిగల పని నేను మానుకోలేదు. ఎవరు కూర్చున్నా ముందు అడిగేది, ఈరోజు ఈ తలతో ఏం చేస్తావని. ఫ్యాక్టరీ పిల్లలు ఎక్కువ వస్తారు. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ తయారీ మొదలుపెట్టినాక, గార్మెంట్లు కూడా కలిపి, మా రోడ్డు మీద తెల్లారకముందే బస్సులు. పొద్దంతా మిషన్ ముందర కూర్చునే పిల్లకు నుదుటి పైన ఒక్క రోల్, అది కూడా వదులుగా, ఎదురు దువ్వడం లేకుండా చుడతాను. మిగతాదంతా మెడ మీద చిన్న ముడి. శాటిన్ పక్కన పెట్టేసినాను. మెత్తని నూలు గుడ్డనే, అవ్వ కట్టే పద్ధతిలో వెనక దాటించి పైకి తెచ్చి దోపుతాను. సాయంత్రానికి కూడా నిలుస్తుంది. ఫోటో అడగను. వాళ్ళే తీయమంటే వాళ్ళ ఫోన్లోనే తీసిస్తాను. 'ముందు' అనే ఫోటో ఎవరిదీ తీయను. కాలిన మచ్చలున్నా, పేనుకొరుకుడు ఉన్నా, తిరపతిలో తలనీలాలిచ్చి వచ్చినా, కుర్చీ దగ్గర కర్టెన్ వేసినాకే తలమీద చెయ్యి వేస్తాను.

అవ్వ ఇప్పుడు మా వీధి గుండా రాదు, ఆటోను ముందు మలుపులోనే ఆపించుకుంటుంది. ఈమధ్య నాకు సంబంధం లేని ఒక పార్లర్ల గ్రూపులో ఆ రెండు ఫోటోలూ మళ్ళీ కనిపించినాయి, ఇట్లాంటి నెత్తిని కప్పేదెట్లా అని ఎవరో అడుగుతూ. దానికింద రాసినాను: ఈ ఫోటోలు తీసింది నేను. ఆమెను అడగకుండా తీసినాను. దయచేసి తీసేయండి, ఎవరికీ పంపొద్దండి. పెట్టినామె వెంటనే తీసేసింది. అప్పటికే చూసినవాళ్ళ పేర్ల వరుస పొడుగ్గా ఉంది. వాళ్ళకు ఒక్కొక్కరికీ విడిగా అదే మాట రాసి పంపుతా ఉండాను.